మొన్నటి గాజులు

కోయంబత్తూరు నుంచి మధురకు ఎనిమిది రోజుల బండిదారి. బావకు జ్వరం ముదిరిందని అక్క రాయించిన ఉత్తరం కుంఫిణీ తపాలాలో మాకు అందేసరికే నాలుగు రోజుల పాతది. ఆ పూటే బండి కట్టించాను. ఎడ్లను అదిలించమని దారిపొడవునా బండివాణ్ణి పీక్కుతిన్నాను.

ఆరో రోజు దిండిగల్లు సత్రంలో, మధుర నుంచి నడిచివచ్చిన గాజులాయన ఒకడు నా పక్కనే భుజాన ఉన్న గాజుల మలారం దించుకున్నాడు. మాటల్లో అతనూ మన తెలుగువాడేనని తెలిసింది. అక్కవాళ్ళ వీధి పేరు చెప్పి అడిగాను.

"అన్నా, ఆ వీధి కడాన ఉండే ఇల్లు తెలుసునా?"

"ఎడమచేతికి ఆరు వేళ్ళుండే అక్కేనా? మొన్న పొద్దున్నే గదా సామీ, రెండు చేతులకూ నిండా పచ్చగాజులు తొడిగొస్తిని!" తన వేళ్ళు ముడుచుకుని, ఆ ఆరో వేలిని ఎట్లా ఒదిగించాలో చూపించాడు. "గాజు దానికి తగిలినప్పుడల్లా ఒకటే నవ్వు, ఆయక్క."

ఆ ఆరో వేలు మా అక్కదే. ఉత్తరం రాసి పది రోజులు. గాజులు తొడిగి రెండే రోజులు.

మధుర ఇంకా రెండు రోజుల దారి. ఎడ్లను మెల్లగా పోనిమ్మని బండివాడికి చెప్పాను.