పసుపు కుంకుమ పెట్టిన పుస్తకాలు

పుస్తకాల మధ్య వేపాకు పెట్టేవాళ్లం, గుర్తుందా? ఇవాళ ఒక పాత పుస్తకంలో అలాంటిదొకటి దొరికింది. అలా పెట్టడం నేర్పిన మా చిన్నత్త గుర్తొచ్చింది.

కమలాపురం గ్రంథాలయంలో ఉద్యోగం చేసిన మొదటి ఆడమనిషి ఆమె. అక్కడికి రాలేని ఆడవాళ్ల కోసం పొద్దున్నే గంపలో పుస్తకాలు ఇంటింటికీ మోసుకుపోయేది.

ఒక ఉదయం తిరిగొచ్చిన పుస్తకాలన్నిటికీ పసుపు కుంకుమ ఉన్నాయి. చదవడం రాని ఆడవాళ్లు వాటిని దేవుడి గూట్లో పెట్టి మొక్కారట. మా అవ్వ కూడా అంతే.

“పైవాళ్లు చూస్తే నా ఉద్యోగం పోతాదిమా,” అంది అత్త.

“సరస్వతమ్మ ఇంటికొస్తే మొక్కకుండా ఉంటామా? చదివేదానికి నాకు అచ్చరాలు రావాల కదమ్మా,” అంది అవ్వ.

“శానా తిప్పలు పడతాండావు, మానుకో పాపా,” అన్నాడు తాత.

అత్త కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని తేల్చారు. అత్త ఉద్యోగం మానదు. రోజూ దీపం పెట్టాక మా వసారాలో ఆ ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతుంది. మొదటి పలక అవ్వ పడుతుంది.