ఫోను చల్లబడింది, అవ్వ మారిపోయింది

పెళ్ళికి ముందు నేను ఒక అవ్వను ఎత్తుకుపోయాను. కావాలని కాదు. అయినా ఎత్తుకుపోయిన మాట నిజం. పెనుకొండ బస్టాండులో, పట్టపగలు, పదిమందీ చూస్తుండగా కారెక్కించుకుని ధర్మవరం దాకా తీసుకుపోయాను. దీనంతటికీ కారణం నా ఫోను వేడెక్కడం. ఆ రెండింటికీ సంబంధమేమిటని మీరు అడుగుతారు. ఆ రోజు నన్ను అడగని వాళ్ళు లేరు. వాళ్ళకు సరిగ్గా చెప్పుకోలేకపోయాను, మీకైనా వరసగా చెబుతాను.

అప్పుడు నేను హిందూపురంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరును. కనగానపల్లి అమ్మాయి లక్ష్మితో పెళ్ళి కుదిరింది. పెళ్ళి కుదిరిన మగవాడి ఫోను ఎంత కష్టపడుతుందో మీకు తెలియంది కాదు. నేను ఛార్జింగు పెట్టి మాట్లాడేవాణ్ణి, మాట్లాడుతూ ఛార్జింగు పెట్టేవాణ్ణి. పైగా ఎండాకాలం. ఫోను దోసె పెనంలా కాలేది. ఒకరోజు మా అమ్మ దాన్ని పక్కకు జరపబోయి చెయ్యి వెనక్కు లాక్కుంది.

"ఇది ఫోనా, ఇస్త్రీ పెట్టెనా? దీన్ని పొద్దంతా జేబులో పెట్టుకుంటాండావు గదరా, గుండె ఉడికిపోతాది!"

మా నాయన పేపరులోంచి తల ఎత్తకుండానే, "మాట్లాడేది తగ్గిస్తే సల్లబడతాది" అన్నాడు.

అది ఒక్కటి మాత్రం నా వల్ల కాదు. అందుకని ఫోను చల్లబరిచే ఉపాయాల మీద వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఆ వీడియోలన్నీ అదే ఫోనులో చూశాను కాబట్టి అది మరింత వేడెక్కింది. మొత్తానికి విద్య వంటబట్టింది. వెలుతురు అడుక్కి దించాను. లొకేషన్ ఆపాను. వెనకాల నడిచే యాప్‌లకు నెట్టు కోసేశాను. ఫోటోలు వాటంతట అవి దిగకుండా ఆపాను. గంట మోగినా, ఒళ్ళు వణికినా ఫోనుకు శ్రమే అని ఎవరో చెబితే ఆ రెండూ తీసేశాను. బ్యాటరీ పొదుపులో పెట్టాను. సాయంత్రానికి ఫోను కుండలో నీళ్ళలా చల్లబడింది. ఇంటిల్లిపాదికీ దాన్ని చెంపకు ఆనించి చూపించాను. ఏ పనీ చెయ్యనిది ఏదైనా చల్లగానే ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను ఆ ఊడిన నాలుకనే అందరికీ చూపించి మురిసిపోయాను.

ఆ వారంలోనే ధర్మవరంలో పెళ్ళి పట్టుచీరలు తీయాలని పెద్దవాళ్ళు నిర్ణయించారు. లక్ష్మివాళ్ళు కనగానపల్లి నుంచి నేరుగా కొట్టుకు వస్తారు. మా అమ్మానాయనలు ముందే రైలెక్కి పోతారు. నాకు ఒకే ఒక్క పని అప్పగించారు. లక్ష్మి వాళ్ళ అవ్వ పెనుకొండలో చిన్నకొడుకు దగ్గర ఉంటుంది. హిందూపురం నుంచి కారులో వస్తూ దారిలో ఆమెను ఎక్కించుకుని రావాలి. ఆ అవ్వ చెయ్యి పెట్టి చూడందే వాళ్ళింట్లో పెళ్ళిచీర తీయరట.

"అవ్వను నువ్వు చూడలేదు గదా. నిశ్చితార్థం అప్పుడు కంటి ఆపరేషనై రాలేకపోయింది. ఫోటో పంపిస్తా చూడండి," అంది లక్ష్మి. అప్పటికి ఆమెకు నన్ను 'నువ్వు' అనాలో 'మీరు' అనాలో ఇంకా తేలలేదు. ఒకే మాటలో రెండూ వచ్చేవి. "అవ్వ కాడ ఫోను లేదు. పెనుకొండ బస్టాండులో నిలబడుంటాది. జాగ్రత్త."

"నీకెందుకు, నేను చూసుకుంటా గదా!" అన్నాను.

ఈ మాట అన్న మగవాణ్ణి మీరెప్పుడూ నమ్మకండి.

పెనుకొండ చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. బస్టాండు ముందు కారు ఆపి అవ్వ ఫోటో తెరిచాను. ఫోటోలు దిగకుండా ఆపింది నేనే కదా, అందుకే మధ్యలో బాణం గుర్తుతో మసక మసకగా ఏదో కనబడింది. వెలుతురు అడుక్కి దించింది కూడా నేనే. చేతిని గొడుగులా పట్టి, కళ్ళు చికిలించి చూస్తే పైన తెల్లగా, కింద పచ్చగా తోచింది. తెల్ల జుట్టు, పచ్చ చీర అని తేల్చుకున్నాను. తల ఎత్తి చూద్దును కదా, టీ కొట్టు పక్కన నీడలో తెల్ల జుట్టుతో, పచ్చ చీరతో, ఒళ్ళో సంచి పెట్టుకుని ఒక అవ్వ కూర్చుని ఉంది. ఇంకేం కావాలి?

"అవ్వా, ధర్మవరానికేనా?"

"అవునబ్బా, నీకోసరమే కాచుకోనుండా. అల్లుడు కారు పంపిస్తానన్న్యాడు. నిన్ను లక్ష్మే పంపించిందా?"

"లక్ష్మే పంపించింది అవ్వా!"

మా సీమలో ఒక వీధిలో నిలబడి 'లక్ష్మీ' అని పిలిస్తే ప్రతి ఇంటి తలుపూ తెరుచుకుంటుంది. ఆ సంగతి పుట్టినప్పటినుంచీ తెలిసినవాణ్ణే. అయినా ఆ క్షణాన గుర్తు రాలేదు. సంచి అందుకుని, ఆమెను ముందు సీటులో కూర్చోబెట్టాను. మా కారులో ఏసీ గాలి ఎడమవైపే సరిగ్గా వస్తుంది. ఆ గాలికి ఎదురుగా క్లిప్పు పెట్టి అందులో ఫోనును కూర్చోబెట్టుకుని వచ్చాను.

"ఉక్కగా ఉండాది నాయనా" అంది అవ్వ.

ఫోను తీసేసి గాలి ఆమె వైపు తిప్పాను. తాగడానికి చల్లటి నీళ్ళ సీసా ఇచ్చాను. అవ్వ కారులోకి వచ్చేసింది, ఇక నాకు ఫోను చేసే అవసరం ఎవరికుంటుందని, విమానంలో పెట్టే సెట్టింగు నొక్కి ఫోనును డ్యాష్‌బోర్డు పెట్టెలో పడుకోబెట్టాను. దానికి అంతకు మించిన విశ్రాంతి లేదని వీడియోలో చెప్పారు.

దారిలో అవ్వ మాటలు మొదలుపెట్టింది.

"పిల్ల ఎట్ల ఉండాదప్పా?"

కాబోయే భార్య గురించి వాళ్ళ అవ్వే అడుగుతుంటే ఏం చెబుతారు? సిగ్గుపడుతూనే, "చానా బాగుంది అవ్వా" అన్నాను.

"ఎవరి పోలిక?"

"వాళ్ళమ్మ పోలికే."

"బొద్దుగా ఉండాదా?"

"కొంచెం బొద్దే."

"బొద్దుగుంటేనే అందం. రాత్రిళ్ళు నిద్రపోతాందా?"

"యాడ నిద్రపోతాది అవ్వా! నడిరేయి దాకా మేలుకునే ఉంటాది. నన్నూ పండుకోనియ్యదు."

అవ్వ నా వైపు వింతగా చూసింది. "పాపం, నీకు కూడా నిద్ర లేకుండా పోయిందా" అని జాలిపడింది. డ్రైవరును కూడా మేలుకోబెట్టే ఇల్లు ఎలాంటిదో అని ఆమె అనుకుని ఉండాలి. మళ్ళీ అడిగింది.

"ఏడుస్తాందా?"

"నేను పలక్కపోతే ఏడుస్తాది."

"నేను పోతానే అన్నీ సర్దుకుంటాయిలే. ఒళ్ళంతా నూనె అంటి, కాళ్ళమీద పండుకోబెట్టుకుని నీళ్ళు పోస్తానా, సాయంత్రం దాకా కదలకుండా నిద్రపోతాది."

నేను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. పెళ్ళికూతురికి నలుగు పెట్టడం ఎరుగుదును. కాళ్ళమీద పడుకోబెట్టుకోవడం ఎప్పుడూ వినలేదు. కనగానపల్లి వైపు ఆచారం కాబోలు, కొత్త అల్లుడు ఇలాంటివి ప్రశ్నించకూడదు అని తలూపాను.

ధర్మవరంలో పట్టుచీరల కొట్టు ముందు అందరూ రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. నాకు స్వాగతం చెప్పడానికే అనుకున్నాను. దర్జాగా దిగి, అవతలివైపు వెళ్ళి తలుపు తీసి, చెయ్యి పట్టుకుని అవ్వను దించాను. లక్ష్మి నన్ను చూసింది, అవ్వను చూసింది, ఖాళీ కారులోకి తొంగి చూసింది.

"ఈయమ్మ ఎవరు?"

"ఎవరేంది? మీ అవ్వ!"

"మా అవ్వ యాడ?"

అవ్వ కొట్టు వైపు చూసి, నా వైపు తిరిగింది. "ఇదేందబ్బా, చీరల అంగడికి తెచ్చినావు? బిడ్డ యాడ? పుట్టి నెల కూడా కాని పసిబిడ్డను ఈ అంగట్లో ఎవరు పెట్టినారు?"

ఆ ఒక్క మాటతో కారులో నేను విన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి అర్థమయ్యాయి. బొద్దుగా ఉన్నది, రాత్రిళ్ళు ఏడ్చేది ఎవరో, నూనె అంటి నీళ్ళు పోయాల్సింది ఎవరికో తెలిసింది. ఆ లక్ష్మి వేరే లక్ష్మి, ఈ అవ్వ కూతురు. బాలింత.

ఇంతలో మా నాయన తన ఫోను నా ముఖం ముందు పెట్టాడు. అరగంటగా ఊళ్ళో గ్రూపులన్నిట్లో ఒకే వార్త తిరుగుతోందట. 'పెనుకొండ బస్టాండులో అవ్వను ఎత్తుకుపోయినారు. నీలం కారు. కళ్ళద్దాలు పెట్టుకున్న బక్కపిల్లోడు. చూడ్డానికి మంచోని మాదిరే ఉంటాడు, నమ్మొద్దు.' ఆ అవ్వ కోసం అల్లుడు పంపిన కారు ఆలస్యంగా వచ్చింది. టీ కొట్టాయన నా ఆనవాళ్ళు చెప్పాడు.

"ఇది చదివి మీయమ్మ ఏమనిందో తెలుసునా?" అన్నాడు నాయన. "ఇట్లాంటోన్ని కన్న తల్లి ఎవరో గానీ, అనింది."

అమ్మ తల పక్కకు తిప్పుకుంది.

"నీకు ఎన్ని ఫోన్లు చేసినా!" లక్ష్మి ముందుకొచ్చింది. "బస్టాండు వద్దు, చిన్నాయన రైల్వే స్టేషను కాడ దింపిపోతాడు, ఆడికి రమ్మని మెసేజి పెట్టినా. చూసుకోలేదా?"

"ఫోను వేడెక్కుతుందని..." అంటూ నా విద్య అంతా వివరించబోయాను. వెలుతురు దగ్గర మొదలుపెట్టి, ఏసీ గాలికి పెట్టిన క్లిప్పు మీదుగా విమానం దాకా వచ్చేసరికి నా గొంతు నాకే వినపడలేదు.

"అంటే ఫోను ఏసీలో ఉండాది, మా అవ్వ ఎండలో ఉండాది," అంది లక్ష్మి. ఆ రోజుతో ఆమె అనుమానం తీరిపోయి నేను పూర్తిగా 'నువ్వు' అయిపోయాను. "కంటి ఆపరేషన్ అయిన మనిషిని ఎండలో నిలబెట్టినావు గదా నువ్వు!"

లక్ష్మి మేనమామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఒక పూట అవ్వను చూసుకోలేనోడు పిల్లను జన్మంతా చూసుకుంటాడా? ఇప్పుడే ఏమీ మించిపోలేదు బావా, చీరలు తీయకముందే ఆలోచించుకో," అన్నాడు లక్ష్మి నాయనతో. ఆయన ఏమీ అనలేదు. నిజం చెబుతున్నాను, అంతవరకూ జరిగినదాంట్లో నాకు భయం వేసింది ఆయన మౌనానికే.

పెట్టెలోంచి ఫోను తీసి, నేను ఆపినవన్నీ మళ్ళీ నొక్కాను. పెనుకొండ చిన్నాయనకు ఫోను చేయాలని నా తొందర. ఒక్కసారిగా మెసేజీలు మొదలయ్యాయి. లక్ష్మివి, లక్ష్మి తమ్ముడివి, మేనమామవి, ఫ్యాక్టరీవాళ్ళవి. 'ఈ వార్తలో ఉన్న బక్కపిల్లోడు నువ్వేనా?' అని అడిగేవి. ఫోను చేతిలో గిలగిలా కొట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి తెల్ల జుట్టుతో, నల్ల కళ్ళద్దాలతో, పచ్చ చీర కట్టుకున్న అవ్వ దిగింది. లక్ష్మి పరిగెత్తి పట్టుకుంది.

"ఎట్ల వచ్చినావవ్వా?"

"స్టేషన్లో నిలబడినోళ్ళు ఎట్ల వస్తారే? రైలొచ్చింది, ఎక్కినా" అంది ఆమె. "యాడ ఆ పిల్లోడు?"

అందరూ దారి ఇచ్చారు. నేను వంగి కాళ్ళకు దండం పెట్టాను. ఎందుకు రాలేదని అడిగితే మళ్ళీ ఫోను కథ చెప్పాల్సి వచ్చింది. ఆమె నిదానంగా విన్నది. ఇంతలో మొదటి అవ్వ నాకు అడ్డం వచ్చింది.

"ఏమీ అనొద్దమ్మా పిల్లోన్ని. నేనెవరో తెలీకపోయినా ఆ గాలంతా నా దిక్కే తిప్పినాడు. సల్లటి నీళ్ళిచ్చినాడు. చెయ్యి పట్టి దించినాడు. నా అల్లుడు కూడా ఇట్ల తేలేదు నన్ను."

లక్ష్మి వాళ్ళ అవ్వ కళ్ళద్దాలు పైకెత్తి నన్ను ఎగాదిగా చూసి, మేనమామ వైపు తిరిగింది. "ఎవరో ముసల్దాన్నే ఇంత బాగా తెచ్చినోడు మన పిల్లను ఎండలో పెడతాడారా? మతిమరుపోడే, చెడ్డోడు గాదు. పాండి లోపలికి, చీరలు చూద్దాం." తర్వాత నా వైపు చెయ్యి చాపింది. "తల కాలిపోతాండాది. నన్ను కష్టపెట్టి నువ్వు కాపాడుకున్న ఆ సల్లటి ఫోను ఇట్లియ్యి, నుదుటికి పెట్టుకుంటా."

భక్తిగా రెండు చేతులతో అందించాను. అది పట్టుకున్న మరుక్షణం ఆమె చెయ్యి విదిలించింది.

"ఓరి నీ పాసుగాల! ఇది నిప్పు మాదిరి కాలతాండాది గదరా!"

మొదట మా నాయన నవ్వాడు. తర్వాత లక్ష్మి నాయన నవ్వాడు. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది. ముందు బాలింత ఇంటికి ఆ అవ్వను చేర్చి, వాళ్ళ అల్లుడు పెట్టిన చివాట్లు నిలబడి విని, బిడ్డను చూసి వచ్చాను. నేను చెప్పినట్టే బొద్దుగా ఉంది. పెళ్ళి మాటకు ఏ లోటూ రాలేదు.

కాబట్టి ఇందుమూలంగా పాఠకులకు నేను ప్రమాణం చేసి చెబుతున్నది ఏమంటే, బొందిలో ప్రాణం ఉండగా ఫోను సెట్టింగుల జోలికి పోను. సెట్టింగు తొక్కనేల, కాళ్ళు పట్టుకోనేల? ఫోను కాలితే కాలనిస్తాను, కుతకుతలాడితే ఆడనిస్తాను. మొన్న ఎండలో దాని తెర మీద 'వేడి ఎక్కువైంది, కాసేపు వాడవద్దు' అని హెచ్చరిక వచ్చింది. అదే సమయానికి లక్ష్మి ఫోను చేసింది. ఇద్దరిలో ఎవరి మాట కాదంటే ఎక్కువ ప్రమాదమో ఆలోచించి, తువ్వాలు చుట్టి చెవికి పెట్టుకున్నాను.