నయాపూల్ మీద మా బాజు

మొన్న మా ఇంటి ముందు రోడ్డుకు ఓ పక్కన సైకిళ్ల కోసమని పచ్చరంగు పూసి సైకిల్ బొమ్మ వేశారు. తెల్లారేసరికి దాని మీద రెండు కార్లు. అడిగితే "ఈ కాలంల సైకిల్ ఎవరు తొక్కుతున్నరు ఆంటీ?" అన్నాడు ఒక కారాయన. నాకు ఒళ్లు మండింది. ఈ ఊరంతా సైకిళ్ల మీదే కదా నాయనా నడిచింది! మా మేనత్త ఉండి ఉంటే జవాబు తనే చెప్పేది.

డెబ్బైల నాటి మాట. లాల్‌దర్వాజాలో మా పక్క గదిలో కిరాయికి ఉండేది మేనత్త. మూసీ అవతల సర్కారు దవాఖానలో ఆయా. కుచ్చిళ్లు ఎగదోపి లేడీస్ సైకిల్ మీద పోతుంటే గల్లీలో పెద్దమనుషులు దగ్గేవాళ్లు, ఆమె బెల్లు కొట్టేది. నేను అప్పుడే ఆఫీసులో చేరి, నా సైకిల్ మీద ఆమె వెనకాలే పోయేదాన్ని. పొద్దున నయాపూల్ వంతెన ఎక్కితే ఎడమ అంచున సైకిళ్ల బారు, టిఫిన్ డబ్బాల చప్పుడు, చైన్ల నూనె వాసన, కింద మూసీ కంపు. ఎవరూ గీత గీయలేదు గానీ ఆ అంచు మాది.

వంతెన మొదట్లో ఒక టోకు దుకాణం. సేటు తన బస్తాల లారీని సరిగ్గా ఆ అంచునే నిలబెట్టించేవాడు. లారీని తప్పించుకుని నడిరోడ్డుకు వచ్చిన మేనత్తను ఓ రోజు డబుల్ డెక్కర్ బస్సు రాసుకుంటూ పోయింది. కింద పడి మోచేయి చెక్కుకుపోయింది. ఇంట్లో మా బాపు, "సైకిల్ బందు వెట్టు అక్కా, పానం కన్నా ఎక్కువనా?" అన్నాడు.

"తప్పు లారీది, బందు నేను వెట్టాల్నా?" అన్నది. ఆ సైకిల్ పోతే ఆమెకు డ్యూటీ పోయినట్టే. పొద్దుటి బస్సుల్లో కాలు పెట్టే సందుండేది కాదు.

మర్నాడు చేతికి కట్టుతోనే బయల్దేరింది. లారీ వెనక సైకిల్ ఆపి స్టాండు వేసింది. వెనక నేను, నా వెనక షిఫ్టుకు పోయే కార్మికులు. బెల్లులే బెల్లులు. సేటు గద్దె దిగొచ్చి "జర బాజుకు జరుగమ్మా" అన్నాడు. బాజు అంటే పక్క. దారి ఇవ్వమనడానికి మా దగ్గర అందరి నోటా ఉండే మాటే.

మేనత్త వంతెన గోడ చూపించింది. "అందరు బాజు బాజు అంటే జరుగుకుంట జరుగుకుంట ఈడిదాంక వచ్చినం సేటూ. గిదే బాజు. ఇంక జరగాలంటే మూసీల దుంకాలె. దుంకాల్నా?"

"దుంకం! లారీ తియ్యి!" అని వెనక నుంచి కేక. టకటకా స్టాండ్లు పడ్డాయి. నేనూ వేశాను. సేటు డ్రైవర్‌ను కేకేశాడు, లారీ దుకాణం వెనక గల్లీలోకి పోయింది. మళ్లీ రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా స్టాండ్లు వేశాం.

రిటైరయ్యేదాకా మేనత్త ఆ అంచునే తొక్కింది. కాలం ఎంతటివాళ్లనైనా బాజుకు జరుపుతుంది. ఆమెను జరపడానికి మాత్రం దానికీ మస్తు ఏళ్లు పట్టింది.