పెట్టెను కళ్ళకద్దుకున్నాను

చింపాంజీలూ చిన్నపిల్లలూ ఎలా ఆలోచిస్తారో పోల్చి చూడటం నా పీహెచ్‌డీ. ఈ రోజు దెందులూరు దగ్గర ఒక అంగన్‌వాడీలో పిల్లల వంతు వచ్చింది.

పరీక్ష చిన్నదే. లోపల ఉన్నది కనిపించే ప్లాస్టిక్ పెట్టెలో చాక్లెట్ పెట్టి, మూత మీద పుల్లతో రెండుసార్లు కొట్టి, తర్వాత తెరిచి చూపిస్తాను. ఆ కొట్టడం ఉత్త దండగ. చింపాంజీలు దాన్ని వదిలేసి నేరుగా మూత తీస్తాయి. పిల్లలు కొట్టి మరీ తీస్తారు.

ఈ రోజు పెట్టె కొత్తది. చేతిలోకి తీసుకోగానే కళ్ళకద్దుకున్నానట. నాకే తెలియలేదు. మొదటి పాప పెట్టెను కళ్ళకద్దుకుని, రెండుసార్లు కొట్టి తీసినప్పుడు తెలిసింది. నన్ను చూస్తూ కూర్చున్న తొమ్మిదిమందీ అలాగే చేశారు.

సాయంత్రం ఏలూరు బస్సులోంచి మా గైడుగారికి ఫోన్ చేసి చెప్పాను.

"ఈ రోజు వీడియోలన్నీ తీసేయండమ్మా. ప్రయోగంలో లేని పని చేశారు కదా."

"తీసేయనండి."

"పొరపాటమ్మా అది."

"పొరపాటు నాదండీ, పిల్లలది కాదు. వాళ్ళు చూసిందంతా చేశారు. నా కాగితంలో ఉన్నదే చూడాలని వాళ్ళకెవరు చెప్పారండీ?"

సెమినార్‌లో నవ్వుతారన్నారు. నవ్వనివ్వండి అన్నాను. నా పొరపాటుతో సహా థీసిస్‌లో రాస్తాను.

కొత్త వస్తువును కళ్ళకద్దుకోమని నన్నెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మీకెవరైనా నేర్పి ఉంటే కింద రాయండి, వీడియోలు ఈ రాత్రే తీసేస్తాను.