నాయన వేసిన లారీ డ్రైవర్ వేషం

తాగుడు మానాలనుకునేవాళ్లకు కౌన్సెలింగ్ ఎలా చేయాలో నేర్పే శిక్షణలో నేను చేరినప్పుడు మేం తిరుపతిలో, అలిపిరికి పోయే దారిలో ఒక మేడ మీద ఉండేవాళ్లం. నాయన తెలుగు అయ్యవారుగా పనిచేసి అప్పటికే రిటైరయ్యాడు. నుదుట నామం పెట్టనిదే గడప దాటేవాడు కాదు. కాఫీ తప్ప ఇంకో అలవాటు లేదు. అలాంటి మనిషి ఆ ఎండాకాలం సాయంత్రాలన్నీ తాగుబోతు లారీ డ్రైవర్‌గా గడిపాడు. ఇప్పుడు ఆ శిక్షణ నేనే ఇస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లు "ఎవరితో ప్రాక్టీస్ చేయాలి మేడమ్?" అని అడిగితే నాకు ముందుగా నాయన దగ్గు గుర్తొస్తుంది. వేషంలోకి దిగబోయే ముందు గొంతు సవరించుకుంటూ దగ్గేవాడు.

మాకు పాఠం చెప్పిన మేడమ్ చిత్తూరావిడ. పాఠంతోపాటు ఒక పరిశోధన కూడా చేస్తుండేది. క్లాసులో బుద్ధిగా తలలూపిన కౌన్సెలర్లు తీరా మనిషి ఎదురుగా కూర్చున్నాక ఏం చేస్తారు, నేర్చుకున్నది వాళ్లలో ఎంతకాలం నిలుస్తుంది అన్నది ఆవిడ ప్రశ్న. అందుకని వారం వారం మేం ఒక సంభాషణ ఫోన్లో రికార్డు చేసి ఇవ్వాలి. ఆవిడ అంతా విని, ఎక్కడ విన్నామో, ఎక్కడ అడ్డం పడ్డామో చెప్పేది. అసలు పేషెంట్ల దగ్గరికి మమ్మల్ని అప్పుడే పంపరు. ఎవరినో ఒకరిని బతిమాలి ఎదురుగా కూర్చోబెట్టుకోవాల్సిందే.

స్నేహితురాళ్లు నవ్వి తప్పించుకున్నారు. నాయన మాత్రం, "నేను కూసుంటాలే మ్మా" అన్నాడు.

అమ్మకు నచ్చలేదు. "దీపం పెట్టే ఏళ ఇంట్లో తాగుడు మాటలేంది?"

"బడిలో పిల్లోళ్లకు దొంగ వేషాలు గూడా వేయించినా. వాళ్లేమన్నా దొంగలైపోయినారా?" అన్నాడు నాయన.

వేషం ఆయనే ఎంచుకున్నాడు. బంగారుపాళెం నుంచి మద్రాసుకు మామిడికాయల లోడు తోలే డ్రైవర్. ఎదురుగా కుర్చీ వేసుకుని, కండువా తలకు చుట్టుకుని, దగ్గి, "చెప్పండి మేడమ్" అన్నాడు. అంతే, నేను మొదలుపెట్టాను. కాలేయం గురించి చెప్పాను, పిల్లల చదువు గురించి చెప్పాను, రోడ్డు ప్రమాదాల గురించి చెప్పాను. నాయన కాసేపు విని, "సరే మేడమ్, రేపట్నించే మానేస్తాను" అన్నాడు. నాకు భలే సంతోషమైంది.

మరుసటి వారం మేడమ్ ఆ రికార్డింగ్ క్లాసులో అందరికీ వినిపించింది.

"సూడమ్మా, ఇంత సులువుగా ఒప్పుకున్నాడంటే మానేదానికి కాదు, నీ నోరు మూయించేదానికి ఒప్పుకున్నాడు" అంది. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి నాయనకు చెబితే, "నిజమే మ్మా, కాఫీ చల్లారిపోతా ఉన్నింది" అన్నాడు.

అక్కణ్ణుంచి మెల్లగా నేర్చుకున్నాను. సలహా నాలుక చివరికి వచ్చినా మింగేయడం, ఎదుటి మనిషి అన్న మాటనే తిరిగి అతని చేతిలో పెట్టి ఊరుకోవడం. చెప్పడానికి తేలికే గాని, కన్నతండ్రి ముందు నోరు మెదపకుండా కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. నాయనకు కూడా ఆట రుచించింది. డ్రైవర్‌కు వారానికో కష్టం తెచ్చిపెట్టేవాడు. ఒకసారి దారిలో టైరు పగిలింది, ఒకసారి క్లీనర్ అలిగి పోయాడు. సన్నివేశం అయిపోగానే కండువా విప్పి, "ఈ రోజు బాగా విన్నావు మ్మా" అనో, "మధ్యలో ఒకసారి అయ్యవారమ్మవైపోయినావు" అనో చెప్పేవాడు. ఎదురుగా కొండ నల్లబడేది. ఘాట్ రోడ్డు దీపాలు ఒకటొకటే వెలిగేవి. వద్దన్న అమ్మే వంటింట్లోంచి, "ఏమే, ఆ లారీ ఆయన నిన్న గూడా తాగినాడంటనా? పెండ్లాం గతి ఏం గావాల?" అని అడిగే దాకా వచ్చింది. అలాంటి సాయంత్రాలు మా ఇంట్లో మళ్లీ రాలేదు.

ఒకరోజు అమ్మ కూడా మాతోనే ఆరుబయట కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. "మీ ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు?" అని అడిగాను. అప్పటిదాకా ఆ డ్రైవర్‌కు భార్యాపిల్లలే తప్ప ఇంకెవరూ లేరు.

నాయన కండువా సర్దుకుని, "మా అన్న నన్ను ఇంట్లోకి రానీడు మేడమ్" అన్నాడు.

"ఇంట్లోకి రానీడు" అన్నాను, నేర్చుకున్నట్టే.

"ఉగాది పొద్దు పోయినాను. గేటుకాడ్నే నిలబెట్టినాడు. అప్పుడు తాగి గూడా లేను. ఇరుగుపొరుగు సూస్తానే ఉండారు. ఆకులో అన్నం పెట్టి గేటుకాడికే పంపించినాడు."

"గేటు దగ్గరికే పంపించాడు."

"పంపించినాడు. ఆ ఆకును ఆడ్నే గోడమీద పెట్టేసి, తినకుండా ఎళ్లిపోయినాడు."

'ఎళ్లిపోయినాను' అనాల్సిన చోట నాయన 'ఎళ్లిపోయినాడు' అన్నాడు. అమ్మ చేతులు ఆగిపోయాయి. అప్పుడు నాకు అర్థమైంది. నాయనకు ఒక తమ్ముడు, అంటే నాకు చిన్నాయన. నా చిన్నప్పుడే ఊరొదిలి పోయాడని మాత్రం తెలుసు. ఎందుకు పోయాడో ఇంట్లో ఎవరూ చెప్పలేదు, అడగనివ్వలేదు. గేటు దగ్గర తమ్ముణ్ణి నిలబెట్టిన అన్న నాయనే.

ఫోన్లో రికార్డింగ్ ఆపేశాను. నాయన కండువా విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఈ పొద్దుకు సాలు మ్మా" అని లేచాడు.

మర్నాడు కాఫీ తాగుతూ, "ఆ రికార్డింగ్ మీ మేడమ్‌కి ఇయ్యబాక. అది డ్రైవర్ది కాదు" అన్నాడు. ఇవ్వలేదు. మేడమ్‌తో ఉన్న సంగతి చెబితే, "వద్దులేమ్మా, ఆయన మాట ఆయనది" అని ఊరుకుంది. మళ్లీ తనే, "వాళ్ల తమ్ముడు ఉండాడా?" అని అడిగింది.

ఉన్నాడు. ఎక్కడున్నాడో నాయనకు ఎప్పుడూ తెలుసు. సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీల మధ్య ఒక క్యాంటీన్లో వంట మాస్టర్. ఆ వారమే బస్సెక్కాం. శ్రీకాళహస్తిలో బస్సు ఆగినప్పుడు నాయన, "నన్ను చూసి ఎళ్లిపొమ్మంటే?" అన్నాడు.

"వెళ్లిపొమ్మంటాడని భయంగా ఉంది నీకు" అన్నాను.

"నాతోనా నీ కౌన్సెలింగు?" అన్నాడు. నవ్వుదామని చూశాడు గాని నవ్వు రాలేదు.

చిన్నాయన సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ముందు పళ్లు రెండు లేవు. గరిట చేతిలో పట్టుకునే బయటికొచ్చి నాయనను చూశాడు. వెళ్లిపొమ్మనలేదు, కౌగిలించుకోనూ లేదు. "ఎండన పడి వచ్చినావే. తిన్యావా అన్నా?" అన్నాడు. వెనక వరండాలో కూర్చోబెట్టి ఆకులు వేసి పులిహోర వడ్డించాడు. నాయన ఒక్క ముద్ద తిని, "ఒరే, ఆ పొద్దు..." అన్నాడు.

"చింతపండు పులుపు తక్కువైందా అన్నా?" అని చిన్నాయన ఇంకొంచెం వేశాడు. నాయన ఇక ఆ మాట ఎత్తలేదు. ఆకులో ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాడు.

తర్వాత నేను చిన్నాయనను అడిగాను, తాగుడు ఎలా మానేశావని. నేను చదువుతున్నది అదే కాబట్టి ఏదో ఒక దారి చెబుతాడనుకున్నాను. "ఎట్ల మానినానో నాకే తెలీదు మ్మా" అన్నాడు. "మానినాను, మళ్లా తాగినాను. మళ్లా మానినాను. ఈసారి ఇంకా తాగలేదు, అంతే." మళ్లీ తాగడాన్ని ఓటమి అనుకోవద్దు, దాని తర్వాత మనిషి తిరిగొస్తాడా లేదా చూడండి అని మేడమ్ చెప్పినప్పుడు పుస్తకంలో రాసుకున్నానే గాని నమ్మలేదు. ఆ వరండాలో నమ్మాను.

ఇంటికి రమ్మని నాయన పిలిచాడు. "రాలేనన్నా. నువ్వే వస్తా ఉండు" అన్నాడు చిన్నాయన. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. నాయన దాన్ని అలాగే తీసుకున్నాడు. మోకాళ్లు సహకరించినన్నాళ్లూ నెలకోసారి ఆ బస్సు ఎక్కేవాడు. కుదిరినప్పుడల్లా నేనూ తోడు పోయేదాన్ని. అన్నదమ్ములిద్దరూ క్యాంటీన్ వెనక కూర్చుని కరివేపాకు రెబ్బలు దూసేవాళ్లు. మా అవ్వ చారులో బెల్లం వేసేదా వేసేది కాదా అని వాదించుకునేవాళ్లు. వేసేదని నాయన, లేదని చిన్నాయన. "నువ్వు ఎప్పుడన్నా వంటింట్లోకి పోయింటే గదా తెలిసేది" అనేవాడు చిన్నాయన. నాయన తల వంచుకుని రెబ్బలు దూసుకుంటూ కూర్చునేవాడు.