ఒకేలాంటి రెండు మందులు

అలాస్కాలో విమానం దిగేసరికి ఉదయం తొమ్మిదిన్నర. ఇంకా తెల్లవారలేదు. మైనస్ ముప్పై రెండు డిగ్రీలు. మొదటి ఊపిరికే ముక్కులో తడి గడ్డకట్టింది. రెండో ఊపిరికి దగ్గు వచ్చింది. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన సార్జెంట్ నా సంచులు ట్రక్కులో పడేసి నా చేతులవంక చూశాడు.

"ఆ గ్లౌజులు డాలస్‌లో కొన్నావా?"

"అవును, సార్జెంట్."

"పారెయ్." తన దగ్గరున్న రెండో జత నా ఒళ్లో పడేశాడు. అదే మా పరిచయం.

నేను ప్లటూన్‌కి మెడిక్‌ని. మాస్టర్స్ చదవడానికి ఈ దేశం వచ్చి, ఆర్మీలో చేరినవాణ్ణి. మెడిక్ అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. అందరికీ "డాక్". ఎవరికి దెబ్బ తగిలినా ముందు పరుగెత్తాల్సింది నేను. మిగతావాళ్లు తల దాచుకోవచ్చు. నాకు ఆ వీలు లేదు. జీతం దానికే.

సెలైన్ సంచి గడ్డకట్టకుండా చొక్కా లోపల పొట్టకు ఆనించి పెట్టుకునేవాణ్ణి. మంచులో తవ్విన బంకర్లలో పడుకునేవాళ్లం. రేడియో ఆపరేటర్ కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. నలుగురిలో ఇంగ్లీషే. మేమిద్దరమే ఉంటే తెలుగు.

"డాక్, మూడో బంకర్. ఒకడికి కాలివేళ్లు తెలియడం లేదు. ఓవర్."

"మంటకి దగ్గర పెట్టనివ్వకు. వస్తున్నా. ఓవర్."

అందరూ పడుకున్నాక మెల్లగా అనేది: "అన్నా, మామ్ మురుకులు పంపింది. ఫ్రీజ్ అయిపోయాయి. అయినా గుడ్."

సార్జెంట్ వేటగాడు. మార్చిలో కారిబూ వేటకి వెళ్లేవాడు. అది పెద్ద కొమ్ముల జింక, చిన్న గుర్రమంత ఉంటుంది. ఒకటి దొరికితే ఆయన ఇంట్లో ఏడాదికి సరిపడా మాంసం. తూటాలు కొనడు. పేల్చిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, గ్యారేజీలో శుభ్రం చేసి, మళ్లీ మందు కొలిచి పోసి, కొత్త బుల్లెట్ బిగించేవాడు. ఆ పనికి నన్ను పిలిచాడు.

"నువ్వు మందులు మిల్లీగ్రాముల్లో చూస్తావు కదా. నాకు అలాంటి చేయి కావాలి."

తెలుగులో ఒంటికి వేసేదీ మందే, తుపాకిలో పోసేదీ మందేనని చెప్పాను. పక్కనే ఉన్న రేడియో అమ్మాయి పడీపడీ నవ్వింది. "సో నువ్వు డబుల్ డాక్, అన్నా!"

ఆ చలికాలం దుకాణంలో ఆయన ఎప్పుడూ వాడే తుపాకిమందు అయిపోయింది. పాత డబ్బాలో కొంచెమే మిగిలింది. దుకాణంవాడు ఇంకోటి అంటగట్టాడు. పేరులో ఒక్క అంకె తేడా. అదే బూడిద రంగు, అవే సన్నటి కడ్డీల్లాంటి గింజలు. "దాదాపు అదే" అన్నాడట.

"చలిలో దాదాపు అనేది ఉండదు. రెండూ కాల్చి చూద్దాం" అన్నాడు సార్జెంట్.

కొత్తది కాస్త వేగంగా మండుతుంది. అందుకని తక్కువ పోయాలి. పాతది నిదానం, ఎక్కువ పడుతుంది. పాతదాని కొలతతో కొత్తది పోస్తే తుపాకి తట్టుకోలేదు. ఆయనకి ఒక నియమం ఉండేది: బల్ల మీద ఎప్పుడూ ఒకటే డబ్బా. కానీ పోల్చాలంటే రెండూ కావాలి. ఆ శనివారం రెండూ బల్ల మీదే ఉన్నాయి. పొద్దున నేను తూచాను. మధ్యలో నాకు డ్యూటీ ఫోన్ వచ్చి వెళ్లాను. తూటాల చివరి పెట్టె ఆయన ఒక్కడే నింపాడు.

మధ్యాహ్నం కాల్చి చూడటానికి పాత కంకర గోతికి వెళ్లాం. గాలి లేదు. వెలుతురు పసుపుపచ్చగా పలచగా ఉంది. రేడియో అమ్మాయి ట్రక్కులో హీటర్ దగ్గర కూర్చుంది. నేను సార్జెంట్ వెనక, బుల్లెట్ వేగం చూపే యంత్రం పక్కన. తూటాలు గంటసేపు మంచులో ఉంచి కాల్చాడు. పాత మందు చలికి బాగా నెమ్మదించింది. కొత్తది పెద్దగా మారలేదు.

"దుకాణంవాడికి సారీ చెప్పాలి డాక్" అని నవ్వాడు. కళ్లద్దాలకు ఆవిరి పట్టింది. తీసి జేబులో పెట్టుకున్నాడు. చివరి పెట్టె తెరిచాడు.

ఆ చప్పుడు మిగతావాటిలా లేదు. పొడిగా, దగ్గరగా, మా మధ్యలోనే పేలినట్టుంది.

నేను ఎప్పుడు పడుకున్నానో నాకు తెలియదు. మొహం మంచులో ఉంది. మెడికల్ బ్యాగు నా కిందే ఉంది. సార్జెంట్ నన్ను పిలుస్తున్నాడు. వినిపిస్తోంది. లేవమని కాళ్లకి చెప్పాను. లేవలేదు. చేతులు తల మీద నుంచి రాలేదు.

ఆయనే వచ్చాడు. మోకాళ్ల మీద పాక్కుంటూ.

"డాక్, ఎక్కడ తగిలింది? మాట్లాడు."

పగిలిన తుపాకి ముక్కలు తగిలి ఆయన కుడివైపు మొహమంతా నెత్తురు. అది నా జాకెట్ మీద కారుతోంది. ఒక కన్నుతోనే చూస్తూ నా మెడ తడిమాడు, అరచేయి చూసుకున్నాడు. చంకలు, పొట్ట, తొడలు, ప్రతిసారీ అరచేయి చూసుకుంటూ. దెబ్బ తగిలినవాణ్ణి అలా వెతకాలని వాళ్లకు నేర్పింది నేనే.

"నెత్తురు లేదు. నీకేం కాలేదు. ఊపిరి తీసుకో."

నేను ఆయన్ని ఆపలేదు. తగలలేదని చెప్పలేదు. వెతకనిచ్చాను.

రేడియో అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. నన్ను దొర్లించి నా కింద నుంచి బ్యాగు లాగింది. "అన్నా, కన్ను మీద ప్రెస్ చెయ్యాలా, వద్దా? చెప్పు అన్నా!" చివరికి ఆ పిల్లే తన కాఫీ కప్పు ఖాళీ చేసి, దాన్ని కన్ను మీద బోర్లించి, చుట్టూ కట్టు కట్టింది. అదే సరైన పని, అలాంటి కన్నుని నొక్కకూడదు. అప్పుడు లేచాను. ఆ తర్వాత అన్నీ చేశాను. కట్టు సరిచేశాను, సెలైన్ పెట్టాను, ఆసుపత్రి దాకా ఆయన తల కదలకుండా పట్టుకున్నాను. కన్ను దక్కలేదు.

కంపెనీ కమాండర్ ఆసుపత్రి కారిడార్‌లో అందరి ముందూ నా భుజం తట్టాడు. "కప్పుతో కన్ను కాపాడాలని చూడటం, గుడ్ వర్క్ డాక్."

"థాంక్యూ, సర్" అన్నాను.

రేడియో అమ్మాయి రెండడుగుల దూరంలో ఉంది. ఆయన వెళ్లాక దగ్గరికొచ్చింది. "ఇట్స్ ఓకే అన్నా. నేను ఎవరికీ చెప్పను."

కోపంతో అని ఉంటే బావుండేది.

నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రిలో సార్జెంట్ గదికి వెళ్లాను. "ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"నువ్వు పడిపోయావు. తగిలిందనుకున్నా. తగల్లేదు. మంచిదేగా?" అటు తిరిగి పడుకున్నాడు. "ఎవరో దుకాణంవాడిది తప్పని అంటున్నారట. వాడిది కాదు. మందు కొలిచే తొట్టిలో కొత్తది మిగిలి ఉంది. పాతదనుకుని పాత కొలతతో పోశాను. నా నియమం నేనే తప్పాను" అన్నాడు. ఆయన గొంతులో సిగ్గు తెలుస్తోంది. తన తప్పు ఆయన రెండు మాటల్లో ఒప్పుకున్నాడు. నావల్ల అది కాలేదు.

ఆర్మీలో నా గడువు తీరి, డాలస్ పక్కనున్న కాపెల్ వచ్చేశాను. మనవాళ్ల సభలో స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పారు. ముందు వరుసలో ఒక ఆంటీ అడిగింది: "అంత దూరంలో భయం వేయలేదా, బాబూ?"

"చలికే, ఆంటీ" అన్నాను. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. శాలువా ఇప్పటికీ కవర్‌లోనే ఉంది.

నన్ను వదలనిది ఆ పేలుడు కాదు. వచ్చేసే ముందు, మే నెలలో, వీడ్కోలు చెప్పడానికి సార్జెంట్ ఇంటికి వెళ్లాను. మంచు కరిగి వాకిలంతా బురద. ఆయన కంటికి నల్లటి గుడ్డ. నన్ను చూసి సంతోషంగా మెట్లు దిగి చెయ్యి చాచాడు. ఒక కన్నుతో దూరం సరిగా తెలియదు. ఆయన వేళ్లు నా చేతికి జానెడు దూరంలో గాలిని పట్టుకుని మూసుకున్నాయి. "సారీ డాక్, ఇంకా ప్రాక్టీస్ చేస్తున్నా" అని నవ్వాడు. నా చెయ్యి కాస్త ముందుకి జరిపితే చాలు. జరిపాను. కానీ ఒక క్షణం ఆలస్యంగా. ఆ క్షణమంతా ఆయన మూసిన పిడికిలి అలా గాలిలో ఉండిపోయింది.