తమ్ముడి బూట్లు

ఆస్పత్రి దుప్పట్లకు ఇస్త్రీ చేసే ఆవిడను తోటివాళ్లు బూట్లక్క అంటారు. రాత్రి పని ముగియగానే చెప్పులు సంచిలో పడేసి, తమ్ముడు పారేయబోతే లాక్కున్న పాత బూట్లలో ఇంత దూది కుక్కి కాళ్లు దూరుస్తుంది. జడను కోటు లోపలికి తోసి, భుజాలు విరుచుకుని, నేల అదిరేలా నడుస్తుంది. "విన్నవాడు, ఎవడో మగాడు వస్తున్నాడనుకోవాలి, అంతే" అంటుంది. ఇస్త్రీ వేడికి కందిన అరచేతిలో ఇంటి తాళంచెవి మాత్రం గుచ్చుకునేంత గట్టిగా పట్టుకునే ఉంటుంది.

ఒక రాత్రి వంతెన కింద దారిలో ఆవిడకు ముందు ఓ అమ్మాయి ఒంటరిగా వెళుతోంది. తోడు దొరికింది కదా అని ఆవిడ నడక పెంచింది. ఆ పిల్లా పెంచింది. ఇంకాస్త పెంచేసరికి పిల్ల పరుగు లంకించుకుంది. ఎవరిని చూసి ఇంత హడలిపోయిందా అని బూట్లక్క కూడా బెదిరి వెనక్కి తిరిగింది. వెనక ఎవరూ లేరు. ఆవిడ మనసు చివుక్కుమంది. గబగబా బూట్లు విప్పి చేత పట్టుకుని, దీపం కిందికి వచ్చి, జడ బయటికి లాగి, "ఆగమ్మా, నేనూ ఆడదాన్నే" అని పిలిచింది. పిల్ల ఆగి, ఆ జడనూ వట్టి కాళ్లనూ చూసి, రొప్పుతూ గోడకు ఆనుకుంది. "పైప్రాణాలు పైనే పోయాయక్కా" అంది. తర్వాత ఇద్దరూ కలిసి నడిచారు. మలుపు దగ్గర విడిపోతూ పిల్ల బూట్ల వైపు చూసింది.

"అక్కా, ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయి?"